‘ఏదీ, ఒక పాట వాయించు’ అనేముందు

పేరెంట్స్ మీటింగుకి వచ్చినవాళ్లు మార్కుల సంగతి అయిపోయాక, లేచి వెళ్లబోతూ ఒక మాట అడుగుతుంటారు. "మావాడు కీబోర్డు నేర్చుకుంటున్నాడు కదా మేడమ్, రోజూ ఎంతసేపు ప్రాక్టీస్ చేయించమంటారు?" నేను సంగీతం టీచర్ని కాను, ఇంగ్లిష్ చెబుతాను. అయినా క్లాస్ టీచర్ని కాబట్టి పిల్లల యాక్టివిటీ డైరీలు నా బల్ల మీదికే వస్తాయి. అందులో ‘ప్రాక్టీస్ నిమిషాలు’ అని ఒక గడి, దాని పక్కన పేరెంట్ సంతకం. చాలా డైరీల్లో సోమవారం నుంచి ఆదివారం దాకా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో 30, 30, 30 అని ఉంటుంది. ఆ ఏడు సంతకాలూ ఆదివారం రాత్రి ఒకేసారి పడ్డాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని మీద నాకు పేచీ లేదు. నా పేచీ ఆ గడితోనే. ఎంతసేపు అని అడిగేముందు, ఆ కాస్సేపూ పిల్ల ఏం చేస్తోంది అని అడగాలి. సంగీతం ఒక్క ముక్క రానివాళ్లు కూడా దానికి జవాబు తెలుసుకోవచ్చు. పక్క గదిలో కూర్చుని చెవి పెడితే చాలు.

ఇళ్లలో మామూలుగా వినిపించేది ఇదీ. పిల్లవాడు పాట మొదటి నుంచి మొదలుపెడతాడు. మొదటి రెండు లైన్లు బాగా వచ్చు కాబట్టి హుషారుగా వాయిస్తాడు. మూడో లైన్లో రోజూ తడబడే చోటే ఇవాళ కూడా తడబడతాడు. ఆగడు. చేతికందిన కీ నొక్కేసి ముందుకు వెళ్లిపోతాడు, చివరిదాకా లాగించేస్తాడు. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అదే చోట అదే తడబాటు. అరగంట అయ్యేసరికి పాట ఎనిమిదిసార్లు పూర్తవుతుంది, డైరీలో 30 పడుతుంది. నిజానికి జరిగిందేమిటి? ముందే వచ్చిన రెండు లైన్లు ఎనిమిదిసార్లు వాయించాడు. రాని చోటుని ఎనిమిదిసార్లు తప్పుగా సాధన చేశాడు. వేళ్లకి ఒప్పూ తప్పూ తెలియదు, ఎలా అలవాటు చేస్తే అలా వెళ్తాయి. శనివారం క్లాసులో మాస్టారు ఆ తప్పు దిద్దబోతే అది అప్పటికే ఆరు రోజుల పాతుకున్న తప్పు.

ఇంగ్లిష్ క్లాసులో నేను రోజూ చూసేదీ ఇదే. పైకి చదవమంటే కొందరు పిల్లలు గడగడా చదువుతారు. కష్టమైన మాట రాగానే గొంతు తగ్గించి, దాన్ని నోట్లోనే నమిలేసి, తర్వాతి మాట దగ్గర మళ్లీ గొంతు పెంచుతారు. దూరం నుంచి వినేవాళ్లకి ఎంత ధారాళంగా చదివిందో అనిపిస్తుంది. అలాంటి పిల్ల చేత ఆ పేజీ పదిసార్లు చదివించినా ఆ ఒక్క మాట రాదు, ఎందుకంటే ఆ పదిసార్లలో ఆ మాటని ఒక్కసారి కూడా చదవలేదు.

సంగీతంలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన పిల్లలు ముందుగా మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు నేర్చుకుంటారు. ఈ పాఠాల క్రమాన్ని 16వ శతాబ్దపు పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. స రి గ మ, ప ద ని స - రెండు సగాల్లోనూ స్వరాల మధ్య దూరాలు ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్త చెవికీ, కొత్త చేతికీ ఆ రాగం అనువుగా ఉంటుంది. ఆ తర్వాత మలహరి రాగంలో పిళ్లారి గీతాలు వస్తాయి. మలహరి కూడా మాయామాళవగౌళ నుంచి పుట్టిందే, స్వరస్థానాలు అవే. తేడా ఒక్కటి. పైకి వెళ్లేటప్పుడు గాంధారం ఉండదు, కిందికి దిగేటప్పుడు ఉంటుంది. నిషాదం అసలే లేదు. నెలల తరబడి స రి గ మ అని వరుసగా అలవాటైన వేళ్లు, రి నుంచి ఎగిరి మ మీద వాలాల్సిన చోట పాత దారిలో గ మీదికి పోతాయి. కీబోర్డు మీద అయితే గ, మ పక్కపక్కనే ఉండే రెండు తెల్ల కీలు (షడ్జమం ‘సి’ దగ్గర పెట్టుకుంటే), కాబట్టి పొరపాటు ఇంకా సులువు. గీతం మొత్తం మీద నిజంగా కష్టమైంది ఆ ఒక్క అతుకే.

అలాంటప్పుడు గీతం మొత్తం ఎనిమిదిసార్లు వాయించడం వల్ల ఏం లాభం? రి, మ. ఆ రెండు స్వరాలు మాత్రమే. నెమ్మదిగా, ఏ వేలు ఎక్కడికి వెళ్తోందో చూసుకుంటూ అయిదారుసార్లు. తప్పు లేకుండా వచ్చాక ముందు ఒక స్వరం కలపాలి, వెనక ఒక స్వరం కలపాలి. ఆ ముక్క కుదిరాక లైను, ఆ తర్వాతే గీతం. మర్నాడు డబ్బా తెరవగానే మొదటి లైను కాదు, ఆ ముక్కే ముందు వాయించాలి. నిన్న కుదిరింది ఇవాళ నిలిచిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఇదంతా పది నిమిషాల పని.

ఇది నేను సొంతంగా కనిపెట్టింది కాదు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డ్యూక్, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. పియానో ప్రధాన విషయంగా చదువుతున్న 17 మందికి షొస్టకోవిచ్ కన్చెర్టోలోంచి ఒక చిన్న, చిక్కుగా ఉండే ముక్క ఇచ్చారు. మీకు చాలనిపించేదాకా ప్రాక్టీస్ చేసుకోండి, ఎంతసేపైనా సరే అన్నారు. మర్నాడు పిలిచి వాయించమని, ఎవరు బాగా వాయించారో వరుసలో పెట్టారు. ఆ వరుసకీ, ముందురోజు ఎవరు ఎంతసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు వాయించారు అన్న లెక్కకీ సంబంధం కనిపించలేదు. పైన నిలిచినవాళ్లు కూడా మొదట్లో తప్పులు చేసినవాళ్లే. కానీ తప్పు పడగానే అది సరిగ్గా ఎక్కడ పడింది, ఎందుకు పడింది అని పట్టుకున్నారు, అక్కడ వేగం తగ్గించారు, అది పోయేదాకా ఆ చోటు వదల్లేదు.

అంకెలంటే ఇష్టపడే నాన్నగార్లు ఇక్కడ పదివేల గంటల మాట ఎత్తుతారు. ఆ అంకె పుట్టింది వయొలిన్ దగ్గరే. ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008లో తన పుస్తకంలో దాన్ని ఒక సూత్రంలా చెప్పాక ఊరూవాడా పాకింది. అసలు సంగతేమిటంటే, 20 ఏళ్లు వచ్చేసరికి అక్కడి అత్యుత్తమ విద్యార్థుల సగటు అంత ఉంది. సగటు అంటే అందులో చాలామంది అంతకంటే తక్కువే చేశారు. పైగా వాళ్లు లెక్కపెట్టింది ఏదో ఒకటి వాయిస్తూ గడిపిన గంటలు కావు, ఒంటరిగా కూర్చుని మనసు పెట్టి చేసిన సాధన. ఎరిక్సనే ఆ తర్వాత ఈ సంగతి వివరంగా రాశారు. మనం మాత్రం అంకె ఉంచుకుని మిగతాది వదిలేశాం.

మన సంప్రదాయంలో మూడు కాలాలు ఎందుకు పెట్టారో కూడా ఇక్కడే ఆలోచించాలి. తాళం వేగం మారదు. ఒకటో కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అంటే ప్రతి పాఠాన్నీ ముందు నాలుగో వంతు వేగంలో వాయించి తీరాలన్నమాట. అంతకంటే మంచి నియమం నాకు ఇంకెక్కడా కనిపించలేదు. పిల్లలకి మాత్రం మూడో కాలమే మోజు. "మేడమ్, నాకు మూడో కాలం వచ్చేసింది" అని చెబుతారే గానీ ఒకటో కాలం బాగా వచ్చిందని ఎవరూ చెప్పరు. ఇంట్లో కూడా వేగంగా వాయిస్తేనే చప్పట్లు కదా!

నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. పిల్లలు ఆగి దిద్దుకోకపోవడానికి కారణం బద్ధకం అనుకుంటాం. చాలావరకు కారణం మనం. మంచి సాధన వినడానికి బాగుండదు. రెండే స్వరాలు, నత్తనడకన, ఇరవైసార్లు. మధ్యలో తప్పు, ఆగడం, మళ్లీ. పక్క గదిలో టీవీ చూస్తున్నవాళ్లకి చిరాకు. వంటింట్లోంచి కేక వస్తుంది, "ఎంతసేపురా ఆ రెండు ముక్కలే? మొత్తం పాట వాయించు!" అని. తాతగారు ఊరి నుంచి వస్తే, "ఏదీ, నీ పాట వినిపించు" అంటారు. ప్రేమతోనే అంటారు. పండక్కి వచ్చిన బంధువులు, ఫోన్లో అమెరికా పిన్ని, అందరికీ పాటే కావాలి. ఆగకుండా వాయిస్తే "అబ్బ, ఎంత బాగా వాయించాడో" అంటారు. ఆగి దిద్దుకుంటే "ఇంకా రాలేదా?" అంటారు. పదేళ్ల పిల్లకి ఇంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి? తప్పు కప్పిపుచ్చితే మెచ్చుకుంటారు, బయటపెడితే అడుగుతారు అని అర్థం చేసుకుంటుంది. తర్వాత ఆ పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎవరో వింటున్నట్టే వాయిస్తుంది.

ఇందులో మా స్కూళ్ల వాటా కూడా ఉంది, అది దాచడం న్యాయం కాదు. యాన్యువల్ డే దగ్గర పడితే నెలల తరబడి ఒక్క పాటే నడుస్తుంది. గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లల సంగతీ అంతే. ట్రినిటీ కీబోర్డు పరీక్షకి మూడు పాటలతో పాటు సాంకేతిక అభ్యాసాలు, ఇతర పరీక్షలు కూడా ఉంటాయి. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ మూడు పాటలే మిగులుతాయి. సర్టిఫికెట్ వస్తుంది. నాలుగో పాట ఇస్తే మళ్లీ మొదటి నుంచి నేర్పాలి, ఎందుకంటే పాటలు నేర్చుకున్నారు తప్ప రాని చోటుని ఎలా పట్టుకోవాలో నేర్చుకోలేదు. వేదిక ఉండకూడదని నేననను. పిల్లలకి వేదిక కావాలి, భయం పోవాలి. కానీ ఏడాదిలో వేదిక ఒక్క రోజు. మిగతా రోజులన్నీ దానికి రిహార్సల్ అయిపోకూడదు.

పూర్వం గురువుగారి ఇంట్లోనే ఉండి నేర్చుకున్న పిల్లలకి ఈ చిక్కు తక్కువ. పెరట్లో సాధన చేస్తుంటే లోపలి నుంచి గురువుగారి చెవిన పడేది, తప్పు పడిన క్షణమే దిద్దుబాటు వచ్చేది. మన పిల్లలకి వారానికి ఒకటో రెండో క్లాసులు. మిగతా రోజులు వాళ్ల సాధన వినే తెలిసిన చెవి లేదు. అందువల్ల మీకు సంగీతం వచ్చినా రాకపోయినా, ఆ చెవి కొంతవరకు మీదే కావాలి. జపాన్‌కి చెందిన షినిచి సుజుకి (1898-1998) చిన్నపిల్లలకి వయొలిన్ నేర్పే పద్ధతిలో దీన్ని నియమంగానే పెట్టారు. తల్లో తండ్రో క్లాసులో కూర్చోవాలి, మాస్టారు చెప్పింది చూడాలి, ఇంటి దగ్గర సాధన చేయించాలి. ఆఫీసులు, ట్రాఫిక్కు మధ్య మీరు రోజూ క్లాసుకి రావాలని నేనడగను. నెలకి ఒక్కసారి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నా, మాస్టారు ఏ చోట ఆపుతున్నారో మీకు తెలుస్తుంది.

ఇంట్లో చేయగలిగినవి పెద్ద పనులేం కావు. పిల్ల వాయిస్తున్నప్పుడు విరిగి విరిగి, అదే ముక్క మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే సంతోషించండి, కదిలించకండి. పాట మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు వరుసగా వినిపిస్తే మాత్రం గదిలోకి వెళ్లి, "ఇందులో నీకు అన్నిటికంటే కష్టమైన చోటు ఏది?" అని అడగండి. చూపిస్తే చాలు, మిగతాది తనే చూసుకుంటుంది. చూపించలేకపోతే అప్పటిదాకా తను విన్లేదన్నమాట. అప్పుడు ఫోన్లో ఒక్కసారి రికార్డు చేసి తనకే వినిపించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు, విని తుడిచేయడానికి.

కీబోర్డు కొన్నవాళ్లకి ఒక హెచ్చరిక. అందులో రిథమ్ బటన్ ఉంటుంది, అది నొక్కితే వెనకాల డ్రమ్ములు మోగుతాయి, పిల్లలకి సరదా. కానీ ఆ రిథమ్ ఎవరి కోసమూ ఆగదు. తడబడిన పిల్ల దాన్ని అందుకోవడానికి రెండు స్వరాలు మింగేసి ముందుకి దూకుతుంది. పాట పూర్తిగా వచ్చాక ఆ బటన్ నొక్కుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు చేత్తో తాళం వేస్తూ నోటితో స్వరాలు చెప్పుకోవడం, లేదా ఫోన్లో మెట్రోనోమ్ బాగా తక్కువ వేగంలో పెట్టుకోవడం మేలు. అపార్ట్‌మెంట్లో పై ఫ్లాటు వాళ్లు ఏమైనా అంటారని భయమైతే హెడ్‌ఫోన్ పెట్టుకోనివ్వండి. దానివల్ల ఇంకో లాభం ఉంది, వినేవాళ్లు లేరు కాబట్టి పిల్లలు తప్పు దగ్గర ఆగడానికి సిగ్గుపడరు. రోజూ అదే అయితే మీ చెవికి పని లేకుండా పోతుంది, కాబట్టి వారంలో రెండు మూడు రోజులు చాలు.

ముందు పాడటం, తర్వాత వాయించడం అనే అలవాటు కూడా పోయింది. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో మన పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శ్రీనివాస్ దాన్ని మాండొలిన్ మీద పలికించేవారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కి తొమ్మిదేళ్లు. అందరు పిల్లలూ అలా అవుతారని నేను చెప్పను, అది వేరే సంగతి. కానీ పద్ధతి అందరిదీ కావచ్చు. పిల్ల తడబడే ముక్కని ఒకసారి నోటితో పాడమనండి. పాటలో కూడా రి గ మ అంటే తప్పు వేళ్లలో లేదు, చెవిలోనే ఉంది. అప్పుడు వేళ్లని ఎంత అరగదీసినా లాభం లేదు, ముందు చెవి దిద్దాలి. పాట సరిగ్గా వచ్చి వేళ్లే తప్పితే అది తేలిగ్గా కుదురుతుంది. మృదంగం, తబలా నేర్చుకునే పిల్లలు కూడా సొల్లు నోటితో చెప్పి, ఆ తర్వాతే చేత్తో వాయించాలి.

ఇక మీరడిగిన ప్రశ్న, ఎంతసేపు? చిన్న క్లాసులకి పదిహేను నిమిషాలు, పెద్ద క్లాసులకి ఇరవై, ఇరవై అయిదు. కానీ రోజూ. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే ఇది ఎంతో నయం. వేళ్లతో నేర్చుకున్న పని నిద్రలో కుదురుకుంటుందని పరిశోధకులు చూశారు. వారానికి ఆరు రాత్రులు ఆ పని చేసిపెడతానంటుంటే ఒక్క రాత్రికి పరిమితం చేయడం దేనికి? ఇంకో చిన్న సంగతి. వాయిద్యం అటక మీదో, మంచం కిందో, బ్యాగులో జిప్పు వేసో ఉంటే ఆ పదిహేను నిమిషాల్లో అయిదు దాన్ని తీయడానికే పోతాయి. కీబోర్డుని స్టాండు మీదే ఉంచి ఒక గుడ్డ కప్పండి చాలు.

ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులతో ఇంకొక మాట. జూన్‌లో ఫౌండేషన్ క్లాసులు మొదలవగానే యాక్టివిటీ లిస్టులోంచి పేర్లు ఒక్కొక్కటిగా కొట్టేస్తారు. నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్న అమ్మాయి, ఇక చదువు మీద దృష్టి పెట్టాలి అంటూ లేఖ తెస్తుంది. లేఖ మీదే, చేతిరాత మాత్రం తనది. సంగీతం వల్ల లెక్కలు బాగా వస్తాయని చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు, ఆ మాట నేను చెప్పను. వయొలిన్ వయొలిన్ కోసమే నేర్చుకుంటారు. నేను చెప్పేది కేవలం టైము లెక్క. రోజుకి గంట అనుకుంటే నిజంగానే కుదరదు, అది మానేయాల్సిందే. రాని ఒక్క ముక్క తీసుకుని పదిహేను నిమిషాలు అనుకుంటే, బస్సు దిగి టిఫిన్ తిన్నాక హోంవర్కు ముందు ఆ టైము ప్రతి ఇంట్లో ఉంది. పరీక్షల వారంలో అది కూడా వద్దంటే ఆపేయండి, వారం తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చు. రెండేళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టిన పిల్లలు మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు.

డైరీలోని ఆ గడి సంగతి. దాన్ని తీసేసి వేరే గడి పెట్టమని మా యాక్టివిటీ కోఆర్డినేటర్‌గారిని అడిగాను, వచ్చే ఏడాది ప్రింటింగుకి చూద్దామన్నారు. అప్పటిదాకా దాని పక్కన ‘రిమార్క్స్’ అని ఒక ఖాళీ గడి ఉంది, దాన్నెవరూ వాడటం లేదు. పిల్లల చేత అందులో రోజూ ఒక్క వాక్యం రాయించండి, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా సరే: ఇవాళ ఎక్కడ ఆగాను, అక్కడ ఏం చేశాను. ‘రి నుంచి మ కి వెళ్లేటప్పుడు గ పడుతోంది, పదిసార్లు మెల్లగా వాయించాను, ఇంకా పడుతోంది’ అని రాస్తే నాకు అంతకంటే మంచి రిపోర్టు లేదు. శనివారం క్లాసులో మాస్టారికి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. నిమిషాల గడి ఖాళీగా వదిలేసినా నా క్లాసులో ఎవరినీ అడగను. డైరీలు సోమవారం మొదటి పీరియడ్‌లో చూస్తాను.